సీసా మాన్పించు పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలం

ఏడు నిండిన పాపకు నింక నేల
డబ్బపాలును సీసాయు? డాచివేసి
గ్లాసుతోఁ బాలు రవ్వంత గఱపి, మిగత
బొజ్జ నింపుము పప్పుతో బువ్వ వెట్టి.

అవతారిక

మొదటి పుట్టినరోజు అయింది. కేకు మీద కొవ్వొత్తిని పాప తరఫున మేనమామ ఊదాడు. ఆ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన బరువు తూచి, పళ్ళు లెక్కపెట్టి, సూది పొడిచి, పాప ఏడుపు మధ్యలో తల్లితో చెప్పిన మాటే ఈ పద్యం. టీకా ఆయన వేశాడు. తాత్పర్యం ఇంటికొచ్చి మనం చెప్పుకోవాలి.

కర్త విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. డాక్టరేనని కొందరు, ఆయన చీటీని చదవగలిగిన మందుల షాపు కుర్రాడని కొందరు. ఛందస్సు తేటగీతి. సీసపద్యం కింద ఎత్తుగీతిగా రావలసింది ఒంటరిగా వచ్చింది, పైన సీసం లేదు. ఊరికి చెప్పే ముందు తన సీసాన్ని తానే మానేసిందని సంప్రదాయజ్ఞులు మెచ్చుకుంటారు.

ప్రతిపదార్థం

ఏడు నిండిన = పన్నెండు నెలలు పూర్తయిన; పాపకున్ = బిడ్డకు (మగపిల్లవాడైనా ఇదే అర్థం); ఇంకన్ = ఇకమీదట; డబ్బపాలును = పొడి కలిపి చేసే పాలును; సీసాయున్ = పీక తగిలించిన పాలసీసాయును; ఏల = ఎందుకు?; డాచివేసి = కంటికి కనబడని చోట పెట్టి; గ్లాసుతోన్ = అంచు ఉన్న పాత్రతో; పాలు రవ్వంత = (ఈ మాట దగ్గరే యుద్ధమంతా, కింద చూడుడు); గఱపి = నేర్పి; మిగత బొజ్జన్ = పొట్టలో మిగిలిన చోటును; పప్పుతోన్ బువ్వ వెట్టి = ఇంట్లో వండినది తినిపించి; నింపుము = నింపవమ్మా.

తాత్పర్యం

ఏడాది దాటిన పిల్లకు పాలు ఆహారం కాదు, ఆహారంలో ఒకటి.

విశేషాలు

ఏడు నిండిన: ఏడాది అనే గడువు ఎందుకని శంక. ఆవుపాలైనా గేదెపాలైనా ఏడాదిలోపు పిల్లకు ప్రధాన ఆహారంగా పనికిరావు. వాటిలో మాంసకృత్తులూ లవణాలూ పసికందు మూత్రపిండాలు మోయగలిగినదానికన్నా ఎక్కువ, ఇనుము బొత్తిగా తక్కువ. కొందరు పిల్లలకు పేగుల్లో కంటికి కనబడనంత రక్తం కూడా పోతుంది. తల్లిపాలు చాలనప్పుడు డబ్బా అవసరమైంది అందుకే. ఏడాదికి మూత్రపిండాలూ పేగులూ ముదురుతాయి, పిల్ల పదిరకాలు తింటుంది, డబ్బా వచ్చిన పని అయిపోతుంది. తల్లిపాలకు ఈ పద్యం వర్తించదని గమనించాలి. వాటిని రెండేళ్ళ వరకూ, ఆపైనా ఇవ్వవచ్చు. పద్యం వినగానే తల్లిపాలు కూడా మాన్పించి రొమ్ముకు వేపాకు ముద్ద రాయించిన అత్తగార్లున్నారు. అది అపవ్యాఖ్య.

డబ్బపాలు: "డబ్బా" అనాలి, గణం కోసం దీర్ఘం తీశాడు. ఈ పాల పుట్టుక ఐరోపాలో. 1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే పాలూ గోధుమపిండీ కలిపి పసిపిల్లల పిండి చేశాడు. మన దేశంలో ఉన్నది ఎక్కువగా గేదెపాలు. వాటితో పసిపిల్లల పొడి చేసే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ రూపొందిస్తే, ఆనంద్‌లోని అమూల్ దాన్ని డబ్బాకెక్కించింది. డబ్బాలకు ఇప్పుడు కాండలు నాలుగు: పుట్టినప్పుడు ఒకటి, ఆరు నెలలకు రెండు, ఏడాదికి మూడు, ఏడాదిన్నరకు నాలుగు. మొదటి రెండిటికీ ప్రామాణ్యం ఉంది. మూడూ నాలుగూ ప్రక్షిప్తాలు. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు ఇలాంటి పాలపొడులను సిఫారసు చేయబోమని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేల్చింది. అయినా రెండో డబ్బా అడుగంటగానే తండ్రి షాపుకెళ్ళి "మూడు ఉందా అన్నా?" అని అడుగుతాడు. అంకె ఉన్నాక తరువాతి అంకె ఉండాలనే నమ్మకం మనకు ఒకటో తరగతిలో పడిపోయింది.

సీసా: ఇక్కడ పీక అని గ్రహించాలి. పాపకు సీసాతో పేచీ లేదు, దాని మూతితోనే అనుబంధం. పగటి సీసా వల్లా కీడుంది, ఎక్కువ కీడు మాత్రం పడుకోబెట్టి నోట్లో పెట్టే రాత్రి సీసాది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, ఆఖరి గుక్క మింగకుండా నోట్లోనే నిలుస్తుంది, పాలలోని చక్కెరను పట్టుకుని క్రిములు పళ్ళ మీద పని మొదలుపెడతాయి. ముందు పోయేవి పై వరస ముందు పళ్ళు. కింది పళ్ళకు నాలుక అడ్డుగా ఉంటుంది కాబట్టి అవి తెల్లగానే ఉంటాయి, ఇంట్లోవాళ్ళు వాటినే చూసి నిశ్చింతగా ఉంటారు. పాప వెల్లకిలా నవ్వినప్పుడు పై పెదవి ఎత్తి చిగురు దగ్గర సుద్దగీతలాంటి తెల్లచార ఉందేమో చూడాలి. గోధుమరంగు మచ్చ వచ్చేసరికి ఆలస్యమైనట్టే.

డాచివేసి: ఎక్కడ దాచాలో కవి చెప్పలేదు. ఫ్రిజ్ మీద పెడితే పాప చూపుడువేలు అటే తిరుగుతుంది. "కాకెత్తుకుపోయిందమ్మా" అని రెండు చేతులూ తిప్పడం మన ఇళ్ళలో ప్రసిద్ధ ప్రయోగం. సీసాతోపాటు రిమోటూ కళ్ళజోడూ మందు బిళ్ళలూ అన్నీ ఆ కాకి ఖాతాలోనే ఉన్నాయి. ప్రయోగం ఫలించాలంటే ఇంటిల్లిపాదికీ ఒకే పాఠం ఉండాలి. పగలంతా కాకి ఎత్తుకుపోయిన సీసా, రాత్రి నాయనమ్మ కొంగు చాటు నుంచి వెచ్చగా బయటికొస్తే పాపకు నమ్మకం కాకి మీద పోదు, ఏడుపు మీద కుదురుతుంది.

గ్లాసు: ఏ గ్లాసని శంక. మందుల షాపులో దొరికే, మూతికి ముక్కున్న సిప్పర్ అని నవ్యులు. వంచినా ఒలకని కవాటమున్న సిప్పరును పిల్ల పీల్చాల్సిందే. అది వేషం మార్చిన సీసా, రెండేళ్ళు పోయాక దాన్నీ మాన్పించడానికి మరో పద్యం కావాలి. మనకు వెండి ఉగ్గుగిన్నె ఉండేది. దానికీ ముక్కే, కవాటం లేదు. వంచితే పోస్తుంది, తప్పు వంచితే ఒలుకుతుంది. ఈ వయసుకు చిన్న స్టీలు గ్లాసే సిద్ధాంతం. అడుగున రెండు గుక్కలు మాత్రమే పోయాలి. పాప దాన్ని రెండు చేతులా పట్టుకుని ముందు అంచు కొరుకుతుంది, పళ్ళు టకటకమంటాయి. తరువాత లోపలికి చూస్తుంది. ఆ తరువాత మూతి ఆనించి ఒక్కసారిగా ఎత్తేస్తుంది. సగం గడ్డం మీదుగా మెడ మడతల్లోకి పోతుంది, మిగిలిన సగంలో కొంత "ఫూ" అని మన చొక్కా మీదికి వస్తుంది. నేర్పు వచ్చేదాకా పాలకు బదులు నీళ్ళు పోస్తే మెడ మడతలు పుల్లవాసన కొట్టవు.

రవ్వంత: ఇదే పద్యానికి ప్రాణం, ఇంట్లో అందరూ దాటేసే పదమూ ఇదే. సీసా పోయిందని పండగ చేసుకుంటారు. కాని సీసాలో పోసినన్ని పాలు గ్లాసులో పోస్తే మారింది పాత్రే. రవ్వంత అంటే రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లని డాక్టర్ల సంప్రదాయం. పెరుగూ ఆ లెక్కలోదే. డాలస్‌లో ఉన్న కోడలి ప్రతిలో "16 ఔన్సులు" అని పాఠాంతరం, అర్థంలో భేదం లేదు. "రవ్వంత అనగా లీటరు" అన్నది అమ్మమ్మల సంప్రదాయం. పాలు తాగితేనే ఎముక, పాలు తాగితేనే రంగు, పాలు తాగితేనే నిద్ర అని వారి వాదం.

పూర్వపక్షాన్ని తేలిగ్గా తీసేయకూడదు గనక లెక్క చూద్దాం. లీటరు గేదెపాలలో వెయ్యి కేలరీలకు తక్కువ ఉండవు. ఏడాది పిల్లకు రోజంతటికీ కావలసింది ఇంచుమించు అంతే. అంటే అమ్మమ్మ లీటరు పట్టించాక పాప "అన్నం వద్దు" అని తల తిప్పేస్తే అది పేచీ కాదు, కూడిక. ఇక ఇనుము. రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి, పాలలో లేనట్టే. పైగా పాలలోని సున్నం, తిన్న అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. డబ్బాపాలు తాగినన్నాళ్ళూ కంపెనీవాళ్ళు పొడిలో ఇనుము కలిపి పంపారు, ప్యాకెట్ పాలవాడు కలపడు. డబ్బా మానేసి అదే కొలతకు ప్యాకెట్ పాలు పోసిన ఇంట్లో ఇనుము ఒక్కరోజులో ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకు పాప పాలిపోయి, గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకుంటుంది. "మట్టి తింటోంది, కొట్టండి" అంటారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత. దానికి కారణాలు చాలా ఉన్నాయి. పాలే పోసి పెంచామన్న గర్వం వాటిలో ఒకటి.

ఆ రవ్వంతలో నీళ్ళు కలపాలా? అక్కర్లేదు. "గేదెపాలు అరగవు" అని సగానికి సగం నీళ్ళు పోసే అలవాటుంది. అరలీటరుకే పరిమితమైనప్పుడు అందులోనూ నీళ్ళెందుకు? రెండేళ్ళ దాకా వెన్న తీయని పాలే, కాచి చల్లార్చి.

పప్పుతో బువ్వ: ఉపలక్షణం. పప్పు అంటే తోటకూర పప్పు, గుడ్డు, తినే ఇంట్లో మెత్తగా ఉడికించిన కార్జం కూడా. పప్పులో నిమ్మచుక్క పిండితే ఇనుము బాగా పడుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్ కూడా ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకే. దాన్ని తల్లి అట్లు పోసుకోకుండా పాపకే పెడితే పద్యం నాలుగో పాదం సగం నెరవేరినట్టు.

శంకలు, సమాధానాలు

"పిల్ల చిక్కిపోయింది వదినా, పాలు మాన్పించావటగా?" అని పక్కింటావిడ. సమాధానం: మొదటి ఏడాదిలో పుట్టినప్పటి బరువుకు మూడింతలైన పిల్ల, రెండో ఏడాదంతా కలిపి రెండు రెండున్నర కిలోలే పెరుగుతుంది. నడక వచ్చింది, బుగ్గ తీసింది. ఆకలి తగ్గడం ఈ వయసుకు సహజం. ఆ మాట అనకుండా పక్కింటావిడను ఆపే ఉపాయం ఏ శాస్త్రంలోనూ లేదు.

"ఒక్కరోజులో మాన్పించాలా, మెల్లగానా?" రెండు మతాలూ ఉన్నాయి. మెల్లగా అయితే ముందు మధ్యాహ్నం సీసా, తరువాత సాయంకాలంది, అన్నిటికన్నా ఆఖర రాత్రిది. రాత్రి సీసాలో మాత్రం రోజురోజుకీ నీళ్ళపాలు పెంచుతూ పోవచ్చు. నీళ్ళు కలపొద్దని పైన చెప్పి ఇక్కడ కలపమనడం విరోధం కాదా అంటే, కాదు: అక్కడ పాలు బలానికి, ఇక్కడ పాప విసుగెత్తి సీసాను తానే విసిరికొట్టడానికి. ఏడాదిన్నర నిండేసరికి సీసా పూర్తిగా పోవాలని డాక్టర్లంటారు.

"రాత్రి రెండింటికి లేచి ఏడిస్తే?" గ్లాసుతో నాలుగు గుక్కల నీళ్ళు, భుజం మీద జోకొట్టడం. మొదటి రాత్రుల్లో పక్క గది నుంచి "పాపం, ఇచ్చెయ్యరాదూ" అని తాతగారి గొంతు వినబడుతుంది. ఆ వాక్యం మూలంలో లేదు.

ఛందోవిశేషం

మూడో పాదంలో "గ్లాసు" అన్యదేశ్యమైనా కవి నిర్భయంగా వాడాడు. "గ్లా" సంయుక్తాక్షరం కాబట్టి గకారంతోగాని లకారంతోగాని యతి వేయవచ్చు. కవి గకారమే పట్టుకుని "గఱపి" అన్నాడు. లకారం వైపు వెళ్ళి ఉంటే ఆ స్థానంలో లకారంతో మొదలయ్యే ఒక డబ్బా పేరు తనంతట తానే వచ్చి కూర్చునేది. పసిపిల్లల పాలపొడికీ పాలసీసాకూ ప్రచారం చేయకూడదని, డబ్బా మీద పాప బొమ్మ కూడా ఉండకూడదని 1992 నుంచి మన దేశంలో చట్టం ఉంది. యతి కోసం కోర్టుకెక్కడం దేనికని కవి ఊరుకున్నాడు.