ఆకాశవాణికి అన్నగారు

అరచేతిలో పట్టు సాధనమున లోకములోని పాటలన్నియు నిమిడిపోయిన యీ కాలమున రేడియో వినువారు ఇంకను ఉన్నారా యని సందేహించువారెవరైనను, బెజవాడ సత్యనారాయణపురమున మా వీధికి ఒక్కసారి తెల్లవారుజామున దయచేసినచో, సందేహనివృత్తియే కాక నిద్రాభంగము కూడ కలుగును. ఏలయన, ఆకాశవాణి తన సంకేతసంగీతముతో లోకమును మేల్కొలుపుటకు పూర్వమే, ఆకాశవాణిని మేల్కొలుపుటకై మా గార్డుగారు మేల్కొనియుందురు. శివరంజని రాగచ్ఛాయగల ఆ స్వరములను కూర్చినవాడు వాల్టర్ కౌఫ్మన్ అను చెక్ దేశపు యూదుడనియు, హిట్లరు ప్రాబల్యమునకు వెఱచి బొంబాయి చేరినవాడనియు వారి నోట విననివారు మా వీధిలో లేరు. పాలవానికి సైతము తెలియును.

గార్డుగారనగా, రైలుబండి చివరిపెట్టెలో పచ్చజెండాయు ఎఱ్ఱజెండాయు పట్టుకొని ఉద్యోగకాలమంతయు గడపి, విశ్రాంతి లభించిన పిదప ఆ జెండాలను ఇంటిలోనివారిపై ప్రయోగించుచున్న పెద్దలు. ఇట్టివారు వీరొక్కరే యని తలపవలదు. ఏలూరున తహసీలుదారు కచేరీనుండియు, వరంగల్లున పాఠశాలనుండియు విరమించి, చెవికడ ట్రాన్సిస్టరు చేర్చుకొని బాల్కనీలలో పచారు చేయుచున్నవారు ఎందరో కలరు. ఒక్కరిని వర్ణించిన అందఱకును వర్తించును గనుక, చేరువలోనున్న వారిని గ్రహించితిని.

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. గార్డుగారు అదే సంవత్సరము నవంబరు మాసమున జన్మించిరి. ఈ రెండు మహాసంఘటనల నడుమనున్న కొలది దినముల వ్యవధి వారికి ఆ కేంద్రముపై జ్యేష్ఠాధికారమును సంక్రమింపజేసినది. కావుననే దానిని వారు పొగడునప్పుడు తోబుట్టువును పొగడునట్లు ముక్తసరిగను, మందలించునప్పుడు మాత్రము తోబుట్టువును మందలించునట్లే సవిస్తరముగను మాటలాడుదురు. "మావాళ్ళు ఈమధ్య నాటకాలు తగ్గించేశారయ్యా" అని వారు నిట్టూర్చినపుడు, క్రొత్తవారు వారి కుటుంబమున ఎవరో నాటకసమాజము నడపుచుండిరి కాబోలునని భ్రమపడుట కలదు. వార్తలు చదువువారిని విమర్శించుటకు వారికి ప్రమాణము కొంగర జగ్గయ్యగారు. జగ్గయ్యగారు సినిమాలకు రాకపూర్వము ఢిల్లీనుండి తెలుగు వార్తలు చదివిన మాట వాస్తవమే. ఐతే వారి మొదటి చిత్రము 1952లో విడుదలయినది. ఆ లెక్కను జగ్గయ్యగారు వార్తలు చదివిననాటికి మన గార్డుగారు ఉయ్యాలలోనైన ఉండవలెను, ఉయ్యాల దిగి వీధిలో మన్నైన తినుచుండవలెను. "ఆ గొంతేమిటి, ఆ విరుపేమిటి! నా చెవుల్లో ఇప్పటికీ మోగుతోంది" అని వారు తన్మయులగుచుండగా లెక్కలు తీయుట అమర్యాద గనుక ఎవ్వరును తీయరు.

వారి ముందు గదిలో మూలబల్లపై ఒక పెద్ద మర్ఫీ వాల్వుసెట్టు కలదు. అది పలుకక చాలకాలమైనది. దానిపై కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డపై పలుకుచున్న ట్రాన్సిస్టరు, ట్రాన్సిస్టరు క్రింద ఒకప్పుడు పోస్టాఫీసులో రుసుము చెల్లించి ఏటేట ముద్ర వేయించుకొనిన రేడియో లైసెన్సు పుస్తకము. లైసెన్సులు రద్దయి దశాబ్దములు గడచినను వారాపుస్తకమును పారవేయరు. "రేపు మళ్ళీ పెట్టారనుకో, పాతబాకీ లేదని రుజువేదీ?" అందురు.

ఇక వారి శ్రవణదీక్షవలన ఆ యింటికి కలుగు సౌఖ్యమును కొంచెము వివరింపవలెను. విజయవాడ ప్రధానప్రసారము మీడియం వేవ్ పై 837 కిలోహెర్ట్జులకడ వినవచ్చును. ఈ మీడియం వేవ్ యను తరంగము దూరము పోవుటలో ఎంతటి ఘనమైనదో, ఇంటిలోనికి వచ్చిన పిదప అంతటి సుకుమారమైనది. నేటి ఎల్‌ఈడీ దీపములలోను, ఫోను చార్జరులలోను, ఇన్వర్టరులలోను ఉన్న చిన్న పరికరములు సెకనునకు వేలసారులు విద్యుత్తును త్రుంచుచు కలుపుచు ఉండుటచేత పుట్టు రొద సరిగా ఆ తరంగముల దారిలోనే వచ్చి పడును. ఈ రహస్యమును గార్డుగారికి ఎవరో రేడియో మరమ్మతు చేయువాడు చెప్పిపోయినాడు. వాడెక్కడనున్నను ఆ యింటి కోడలి ఉసురు వానికి తప్పక తగులును. భక్తిరంజని ఆరంభము కాగానే దీపములు ఆరిపోవును, చార్జరులు ఊడిపోవును, మిక్సీ మూగవోవును. ఆఫీసుకు పోవలసిన ఆ యిల్లాలు చీకటిలో కొబ్బరిముక్కలు చేతబట్టుకొని నిలిచి,

"మామయ్యగారూ, పచ్చడొక్కటి తిప్పుకుంటానండీ, బస్సు వెళ్ళిపోతుంది" అని వేడుకొనును.

"అమ్మాయ్, రజనీకాంతరావుగారు రూపుదిద్దిన కార్యక్రమమమ్మా ఇది. ఆయనకంటే నీ పచ్చడి ఎక్కువా?"

బాలాంత్రపు రజనీకాంతరావుగారు 2018లోనే కీర్తిశేషులైరనియు, వారు సహృదయులు గనుక కొబ్బరిపచ్చడికి అడ్డుచెప్పియుండరనియు ఆమెకు తెలియును. ఐనను పచ్చడి ఆగును.

తల్లి దుఃఖము చూడజాలక మనుమడు ఒకనాడు తాతగారి ఫోనులో ప్రసారభారతివారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌ను ఎక్కించినాడు. దేశములోని ఆకాశవాణి కేంద్రములు కుప్పలుగా అందులో పలుకుచుండెను. రొద లేదు, గరగర లేదు, దీపము లార్పనక్కరలేదు. గార్డుగారు అబ్బురపడి, కడపను విని, విశాఖను విని, హైదరాబాదును విని, మరల విజయవాడకు వచ్చి, పరీక్షార్థము ప్రక్కనే ట్రాన్సిస్టరును కూడ విప్పిరి. కొంప మునిగినది. ట్రాన్సిస్టరు ఏడు గంటలైనదని చెప్పి వార్తలలోనికి దిగిన పిమ్మట, ఫోను తీరికగా గొంతు సవరించుకొని ఏడు గంటలైనదని చెప్పెను.

"నెట్‌లో తిరిగొచ్చేసరికి కాస్త లేటవుతుంది తాతయ్యా. ముప్ఫై సెకన్లకేం మునిగిపోతుంది?"

"ఒరేయ్, ముప్ఫై సెకన్లలో రెండు బళ్ళు గుద్దుకుంటాయిరా. లేటుగా వచ్చినదానికి నేను సిగ్నలివ్వను."

దీపములు మరల ఆరినవి.

వారు వినునది పాటలు మాత్రమే యనుకొనుట పొరపాటు. సెంటు భూమి లేకున్నను, పెరటిలో ఒక్క తులసికుండీ తప్ప వ్యవసాయమన్నది ఎఱుగకున్నను, పాడిపంటల కార్యక్రమమును నిష్ఠగా వినుటచేత వరి చిరుపొట్టదశలోనున్నప్పుడు ఏమి వేయవలెనో, సుడిదోమ ఎప్పుడు పట్టునో, ఈనిన గేదెకు ఏమి మేపవలెనో వారికి కరతలామలకము. అపార్టుమెంటు మెట్లపై తారసపడిన సాఫ్ట్‌వేరు యువకునితో "పొలానికి నీళ్ళు తీసి ఆరబెట్టాలయ్యా, లేకపోతే దోమ పోదు" అని వారు చెప్పగా, ఆతడు తన ఫ్లాటులోని దోమలను గూర్చియే కాబోలునని స్నానపుగది ఆరబెట్టుకొనినట్లు వినికిడి. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదనియు మత్స్యకారులు వేటకు పోరాదనియు హెచ్చరిక వచ్చిననాడు, వారు కృష్ణ కాలువగట్టువరకు సాయంకాలపు వాహ్యాళి కూడ మానుకొందురు. నవ్వువారు నవ్వవచ్చును గాని, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగరు మునిగినపుడు అచటి ఇండ్లలో కరెంటు పోయి, ఫోనులు ఒక్కటొక్కటిగా ప్రాణములు విడువగా, తడిబట్టలతో వీరింటికి చేరిన బంధువులకు వీరు మొట్టమొదట చూపినది పొడిబట్టలు కాదు, టార్చిబ్యాటరీలతో పలుకుచున్న ట్రాన్సిస్టరు. "చూశారా! ఇది ఆగిందా?" అనిరి. భార్యామణి వచ్చి తువ్వాళ్ళిచ్చినది.

ఈమెను గూర్చి ఒక మాట. ఆమె రేడియో వినుచున్నట్లు ఎన్నడును కనబడదు. కాని ప్రాంతీయవార్తలు ముగియుసరికి పప్పు పొయ్యిదిగును; సంస్కృతవార్తలకు తిరుగమోత చిటపటలాడును; లలితగీతము మొదలగుసరికి వడ్డన. గడియారమువైపు ఆమె చూచుట నేనెఱుగను. పెండ్లియైన క్రొత్తలో కోరినపాటల కార్యక్రమమునకు గార్డుగారు పోస్టుకార్డు వ్రాయుచు, సాహసించి తమ పేరుకంటె ముందు ఆమె పేరు వ్రాసిరట; అది గాలిలో వినబడిననాడు వారి తండ్రిగారు అన్నము ముందునుండి లేచిపోయిరట; ఆమె మాత్రము ఆ పాట యేదో నేటివరకు ఎవ్వరికిని చెప్పలేదు.

మధ్యాహ్నభోజనానంతరము గార్డుగారు పడకకుర్చీలో మేనువాల్చి, బొజ్జపై ట్రాన్సిస్టరు నిలుపుకొని, కచేరీ వినుచు కన్నులు మూయుదురు. కొంతసేపటికి గాయకుని ఆలాపనయు వీరి గురకయు ఒక శ్రుతిలో పడును. పోనిమ్మని కోడలు మెల్లగా వచ్చి మీట నొక్కినదో లేదో, ప్రసారమంతయు సాగినను మేల్కొనని ఆ మహానుభావుడు నిశ్శబ్దమునకు ఉలికిపడి లేచును.

"ఎవరాపింది? వింటున్నానుగా!"

"ఏ రాగమొస్తోందండీ మామయ్యగారూ?"

"వినేవాణ్ణి అడుగుతారా, వినిపించేవాణ్ణి అడుగుతారా?"

ఈ వాక్యమునకు అర్థమేమో నాకు నేటికిని బోధపడలేదు గాని, దీనికి జవాబు చెప్పగలిగినవారిని మాత్రము చూడలేదు.

మనుమనికిని తాతకును ఈ విషయమున నిత్యయుద్ధము. మనుమని ఫోనులో పదికోట్ల పాటలు కలవట. వాడు ఒక పాట పల్లవి వినును, బొటనవ్రేలు కదల్చును, వేరొక పాట ముందుసంగీతము వినును, మరల కదల్చును. "పదికోట్లలో ఒక్కటైనా చివరి చరణందాకా విన్నావుట్రా?" అని తాతగారు నిలదీయగా, "మీరు విన్నారా తాతయ్యా? పల్లవికే గురక పెట్టారుగా!" అని వాడు నిలదీసెను. నా మట్టుకు ఇరువురి వాదమును న్యాయముగానే తోచినది. అప్పుడు గార్డుగారు కొంచెము తగ్గి చెప్పిన మాట యొకటి కలదు: "నీ ఫోన్లో వస్తే నువ్వొక్కడివే విన్నట్టురా. రేడియోలో వస్తే ఊరంతా విన్నట్టు." ఉషశ్రీగారు రామాయణము చెప్పుచున్న దినములలో, వీధి మొదట విన్నవాడు నడచిపోవుచు వీధి చివరకు చేరునప్పటికి నడుమ ఒక్క మాట జారిపోకుండ ఇంటింటినుండియు వినవచ్చెడిదట. నేనును అట్లు నడచినవాడనే. వారికి కావలసినది పాట కాదు, ఆ వీధి. ఇప్పుడు ఆటోలలోను, దర్జీ కొట్లలోను, దూరపుకార్లలోను ఎఫ్‌ఎం మ్రోగుచునే యున్నది గాని, అందరును ఒక్కసారి ఒక్క మాటను వినుట యన్నది దానియందు లేదని వారి ఫిర్యాదు. ఎఫ్‌ఎంలోని బాలిక "హాయ్ బెజవాడా" యని పలుకరించినపుడు "నన్నేనా?" అని వారు అనుమానముగా వెనుకకు తిరిగి చూతురు.

మొన్న వేసవిలో ఒక సంగతి జరిగినది. నగుమోము గనలేని కీర్తనను కచేరీలో పాడినపుడు ఆభేరి యని ప్రకటించినారనియు, ఈనాడు పాడుచున్న తీరును బట్టి అది కర్ణాటక దేవగాంధారి యనవలసియుండెననియు, ఒక సోదరునివలె చెప్పుచున్నాననియు గార్డుగారు కేంద్రమునకు కార్డు వ్రాసిరి. శ్రోతల జాబులకు ప్రత్యుత్తరములు చదువు దినమున వారు చొక్కా తొడుగుకొని పడకకుర్చీలో కూర్చుండిరి. కూర్చున్న వారు నిద్రించిరి. మెలకువ వచ్చుసరికి "...సత్యనారాయణపురం, విజయవాడ. మీ అభిమానానికి ధన్యవాదాలు" అని వినబడి, తరువాతి జాబు మొదలయ్యెను.

తమ పేరు ఆకాశమున మ్రోగినదన్న సంతోషమును, ఏమనిరో వినలేకపోయితినన్న సంతాపమును ఒక్కసారిగా పైకొనగా, వారు చెప్పులు తొడుగుకొని వీధిలోనికి వెడలిరి.

"ఇందాక రేడియోలో నా ఉత్తరం విన్నారా?"

మా వీధివారు మర్యాదస్థులు. ఎండలో పెద్దవారు గుమ్మమునకు వచ్చి అడుగగా లేదనజాలరు. ఎదురింటి ప్లీడరుగారు "విన్నానండోయ్" అనిరి. మెడికల్‌షాపు కుఱ్ఱవాడు "భలే చదివారు గార్డుగారూ" అనెను. ఇస్త్రీబండి అతడు పెట్టె ప్రక్కనబెట్టి నమస్కరించెను. నేనును విన్నాననియే చెప్పితిని.

"ఏమన్నారు? ఆభేరి అన్నారా, దేవగాంధారి అన్నారా?"

"బాగా అన్నారండి."

ఎవరిని అడిగినను ఇదే సమాధానము. వారికి సమాధానము దొరకలేదు గాని, అంతకంటె గొప్ప విషయమొకటి స్ఫురించినది. ముఖము వికసింపగా ఇంటికి వచ్చి, కార్డు తీసి, "రేడియో వినువారు లేరని పత్రికలలో వ్రాయుచున్నది శుద్ధ అబద్ధము. మా వీధియందు ఈ దినమున అన్ని గృహములవారును మీ కార్యక్రమమును శ్రద్ధగా వినియున్నారు. వారందఱి కోరికపై మీ ప్రత్యుత్తరమును మరల నొకసారి ప్రసారము చేయవలసినది" అని వ్రాసి, సంతకము చేసి, మనుమని కేకవేయుచుండగా, వంటగదినుండి మాట వినబడినది.

"అది ఆభేరేనటండీ. దీక్షితులవారి ఆభేరి వేరట, త్యాగయ్యగారి కీర్తన ఇప్పుడు పాడే పద్ధతి వేరట, పండితుల్లో రెండు మాటలూ ఉన్నాయట, వాడుకలో ఉన్న పేరే తామూ చెప్పామన్నారు. కాఫీ కలపనా?"

గార్డుగారు కొంతసేపు వంటగది గుమ్మమువైపు చూచిరి. పిమ్మట కలము మూత మరల తీసి, కార్డు అడుగున మిగిలియున్న చోటున చిన్న అక్షరములతో వ్రాసిరి: "తాజాకలము: మా యింట కూడ ఒకరు వినిరి."