కాకిలెక్కల బంగారం

భూమిలో బంగారం ఎంత ఉందో భూగర్భ శాస్త్రవేత్తలు అంచనా కడతారని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. అవి రాసినవాళ్లు పాపం కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు, అదే కేజీఎఫ్, చూసినట్టు లేదు. ఇక్కడ రాతిలో ఎంత ఉందో ఫైలు చెబుతుంది. గని మూయాలని ఫైలు కదిలితే బంగారం అడుగంటుతుంది. వేలం వేయాలని కదిలితే పొంగుకొస్తుంది.

నూట ఇరవై ఏళ్లలో 800 టన్నుల పైచిలుకు బంగారం ఇచ్చిన గనికి 2001 ఫిబ్రవరి 28న తాళం పడింది. గిట్టుబాటు కావడం లేదన్నారు. గిట్టనిస్తే కదా! 1956లో జాతీయం చేశాక, చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతున, రాయి ఎప్పుడు పేలుతుందో తెలియని చోట తవ్వి తెచ్చిన సరుకును సర్కారు ఏళ్ల తరబడి ఔన్సు 35 డాలర్ల అధికారిక ధరకే పట్టుకుపోయింది. బొంబాయి బజారులో దాని ధర వేరు. నోరు కుట్టేసి, వీడు తిండి తినడం లేదు, ఇక బతకడని వైద్యుడు తేల్చినట్టుంది.

మూసిన ముహూర్తమూ దివ్యమైనదే. ఔన్సు 300 డాలర్లయినా పలకని రోజులవి. 2025లో అదే ధర 4,000 దాటింది. నాడు దండగన్న రాయి నేడు పండగ కావచ్చు. చూసొద్దామంటే దిగే దారేదీ? పంపులు ఆపేశారు, సొరంగాల్లో నీళ్లు నిండాయి.

అవసరాన్నిబట్టి నిల్వను లెక్కగట్టే ఈ విద్యలో చమురువాళ్లు మనకు అన్నలు. ఏటేటా తగ్గే దిగుబడిని గీతగా గీసి బావిలో ఇంకెంత తీయవచ్చో వాళ్లు చెబుతారు. కుళాయి బిగించి ఉత్పత్తిని కట్టడి చేస్తే ఆ గీత ఎందుకూ కొరగాదు. తగ్గింది చమురో, బిగించిన చెయ్యి చలవో ఎవరు చెప్పాలి? ఒపెక్ దేశాలకు కోటాలు వచ్చిన 1980ల్లో కువైట్ తన నిల్వలు ఒక్కసారిగా 40 శాతం దాకా పెరిగాయంది. సౌదీ ఆ దశాబ్దం చివర అంతకు మించి పెంచుకుంది. నిల్వ ఎక్కువ చూపితే కోటా ఎక్కువ దక్కుతుందన్న ఆశేనని నిపుణుల అనుమానం. వాళ్లకు ఉందంటే లాభం. మనవాళ్లకు లేదంటే సుఖం.

ఇప్పుడు వంతు గనిలో బంగారం తీశాక మిగిలిన పొడి పోసిన సైనేడ్ దిబ్బలది. 13 దిబ్బలు, సుమారు 3.3 కోట్ల టన్నుల పొడి, టన్నుకు 0.7 గ్రాము చొప్పున 23 టన్నుల బంగారమని లెక్క. వాటిని వేలం వేయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం కేంద్రానికి సరేననేసింది. దిబ్బలంటే ప్రభుత్వాలకు ముద్దు రాదా మరి? అవి నీట మునగవు, జీతం అడగవు, యూనియన్ పెట్టవు. ఒక్క చిన్న చిక్కు: ఉన్నది వేరు, తీయగలిగింది వేరు. ఒకసారి సైనేడ్ పోసినా బయటికి రానని మొండికేసిన బంగారం అది. మన టెండరు చూసి మనసు మార్చుకుంటుందేమో.

ఈలోగా గని కార్మికుల పిల్లలు తెల్లారకముందే గని పక్కనున్న మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు కూలికి పోతున్నారు. ఇంట్లో మిగిలినవాళ్లు గాలి వీచినప్పుడల్లా ఆ దిబ్బల పొడి పీలుస్తున్నారు. అధికారులకు నాదొక మనవి: ఆ ఊపిరితిత్తుల్లో చేరిన నిల్వను కూడా టన్నుకు ఇంతని అంచనా కట్టి టెండరులో కలిపేయండి. తవ్వకం ఖర్చు కూడా ఉండదు.