మా ఇంటి చిన్నతరహా ఖనిజం

హైదరాబాద్‌లో కాలనీ పేరు చివర ‘హిల్స్’ అని ఉంటే గజం రేటు పెరుగుతుంది. ఆ కొండ తాలూకు ముక్క ఒకటి మన ప్లాటులోనే ఉంటే మాత్రం తగ్గుతుంది. ఈ కిటుకు పట్టుకుని 200 గజాలు చవగ్గా కొట్టేశానని మూడేళ్ల కిందట బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. ప్లాటు అమ్మిన పెద్దమనిషి “పునాది ఖర్చు మిగిలింది సార్, దేవుడే వేసిచ్చాడు” అన్నాడు. మా బావమరిది మాత్రం ఈశాన్యంలో బరువు ఉండకూడదన్నాడు. బండ సరిగ్గా ఈశాన్యంలోనే ఉంది. “ఎంతలే, ఏనుగంత. కొట్టించి పారేస్తాను” అన్నాను.

మేస్త్రీ వచ్చి బండ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. దాని మొదలు దగ్గర గడ్డపారతో రెండు పోట్లు పొడిచి, “పైకి కనవడేది తలకాయనే సార్. పెయ్యంత లోపలున్నది” అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు గానీ, ఎలుక కోసం తవ్వితే కొండ దొరికింది నాకొక్కడికే. ఇదేమీ ఎవరో దొర్లించుకొచ్చి పెట్టిన రాయి కాదట. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల చల్లారి గట్టిపడ్డ గ్రానైట్. మీదున్నదంతా అరిగి కొట్టుకుపోయాక బయటపడి, నెర్రెల వెంట నీళ్లు ఇంకి, మూలలు రాలి గుండ్రబడింది. అన్ని కోట్ల ఏళ్లుగా కూర్చున్నచోటే కూర్చున్నదాన్ని శ్రావణంలో గృహప్రవేశం నాటికి లేపెయ్యాలని నా పట్టుదల.

జిలెటిన్ పెడితే ఒక్కరోజు పని అని ఒకాయన ముందుకొచ్చాడు. లైసెన్సు ఉందా అంటే “రాత్రిపూట కొడదాం సార్” అన్నాడు. అది లైసెన్సు ఎలా అవుతుందో నాకు బోధపడలేదు గానీ, ఆ లైసెన్సు మీద దిగిన సెల్లార్లు ఈ ఊళ్లో లేవని ప్రమాణం చేయలేను. వద్దన్నాను. ధైర్యం లేక కాదు, పక్కింటికి అద్దాల బాల్కనీ ఉంది.

తర్వాత హిటాచీకి బ్రేకర్ తగిలించుకుని మరొకాయన వచ్చాడు. గంట లెక్కన బాడుగ. బండ మీంచి పిండి రాలుతోంది, నా జేబులోంచి నోట్లు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. బ్రేకర్‌కు చదువు రాదు. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు గేటు దగ్గర నిలబడి చాలాసేపు నోరు కదిపారు. ఏమన్నారో వినపడలేదు.

చప్పుడే లేని మందు ఉందంటే ఆశపడ్డాను. సున్నం జాతి పొడి అది. బండకు వరసగా రంధ్రాలు తొలిచి, పొడిని నీళ్లతో కలిపి పోస్తే రాత్రికి రాత్రి ఉబ్బి బండను చీలుస్తుంది. పద్ధతి మంచిదే. కాకపోతే ఎండ మరీ ఎక్కువగా ఉంటే చీల్చేదాకా ఓపిక పట్టక రంధ్రంలోంచి పైకి చిమ్ముతుందట. మేం పోసింది మే నెల, మిట్టమధ్యాహ్నం. రాయి పగల్లేదు. పక్కింటి గోడకు మాత్రం నా ఖర్చుతో సున్నం పడింది.

చివరికి మేస్త్రీయే ఒక వడ్డెర తాతను తీసుకొచ్చాడు. సంచిలో రెండు ఉలులు, సమ్మెట, పిడికెడు ఇనప చీలలు. ఆయన వచ్చీరాగానే కొట్టలేదు. అరచేత్తో బండను నిమిరాడు. చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి, చెవి పెట్టి విన్నాడు. “ఇది తూర్పు దిక్కు ఇడుస్తది సారూ, ఇటు కొడితే ఇనదు” అన్నాడు. జానెడేసి దూరంలో గుంటలు చెక్కి, ఒక్కోదాంట్లో ఒక్కో చీల బిగించి, ఈ చివర్నుంచి ఆ చివరకూ, మళ్లీ వెనక్కీ, చీలకు ఒక్క దెబ్బ చొప్పున వేసుకుంటూ పోయాడు. మొదట చీలలు మోగాయి. పోనుపోను ఆ మోత బొంగురుపోయింది. అప్పుడు సమ్మెట పక్కన పెట్టి టీ అడిగాడు. “అదేంటి తాతా, ఆపేశావు?” అన్నాను. “నా పని అయింది. ఇగ దానిదే.” గ్లాసులో టీ సగం ఉండగానే వేలు విరిచినట్టు ‘టప్’ మంది. వెంట్రుక మందాన ఒక గీత గుంటలన్నిటినీ కలుపుతూ పాకింది. బ్రేకర్ ఆసామి అది చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు. తాత రోజు కూలి బ్రేకర్ గంట బాడుగ కంటే తక్కువ. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగానే ఉంది.

రాయి పగిలితే కష్టాలు తీరతాయనుకునేవాళ్లకు ఒక లెక్క. ఘనపు మీటరు గ్రానైట్ 2.6 నుంచి 2.7 టన్నుల దాకా తూగుతుంది. మా తలకాయ 30 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 80 టన్నులు. పగలగొడితే బరువు పెరగదు గానీ మధ్యలో సందులు చేరి ఇంచుమించు ఒకటిన్నర రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఒక మూల ఉన్న బండ ఇప్పుడు ప్లాటంతా ఉంది.

టిప్పర్‌లో ఎత్తించాం. సందు దాటగానే ఆపారు. ఇంటికి వాడే రాయి చిన్నతరహా ఖనిజమని 1957 నాటి ఖనిజాల చట్టంలో ఉంది. కాబట్టి సీనరేజి రసీదేది, రవాణా పర్మిటేది? నా ప్లాటులో ఉన్నన్నాళ్లూ అది బండ, దరిద్రం, వాస్తుదోషం. టిప్పర్ ఎక్కగానే జాతి సంపద. గనిలేని గని యజమానిగా నేను రెండు రోజులు తిరిగి టిప్పర్‌ను మళ్లీ ఇంటికే తెచ్చుకున్నాను.

డబ్బులైపోయాయి. లోపలి పెయ్యి అలాగే ఉంది. మెహదీ నవాజ్ జంగ్ బంజారా హిల్స్‌లో బండల్ని కొట్టకుండా వాటిని కలుపుకునే ఇల్లు కట్టుకున్నారని ఆర్కిటెక్టు ఊరడించాడు. ఆయన నవాబు, తర్వాత గుజరాత్ గవర్నరు. నాది గృహరుణం.

దారి చూపింది మళ్లీ బావమరిదే. ఈశాన్యంలో పూజగది రావచ్చుగా అన్నాడు. నేలలోంచి మోకాలెత్తు మిగిలిన బండ చుట్టూ గోడలు లేపాం. మా అత్తగారు దానికి పసుపు రాసి కుంకుమ పెట్టారు. బరువు కాస్తా స్వయంభువు అయిపోయింది. ఈ నగరంలో రాళ్లను కాపాడండి అని 1996 నుంచి ఒక సొసైటీ మొత్తుకుంటోంది, వారసత్వ జాబితాలో కొన్నిటి పేర్లు కూడా ఎక్కాయి. జాబితా చూసి ఆగిన బ్రేకర్‌ను నేను చూడలేదు. చిటికెడు పసుపు చూసి ఆగినవాటిని చాలా చూశాను.

తలకాయ తాలూకు ముక్కలు గేటు పక్కనే కుప్పగా ఉన్నాయి. పునాదికో ప్రహరీకో కావలసినవాళ్లు ఉచితంగా తీసుకెళ్లవచ్చు. టిప్పరూ, పర్మిటూ మీవే. టీ మాత్రం నేనిస్తాను.