రెండు వయసులూ కూడితే

మేము దత్తుకు అర్జీ పెట్టుకున్నామన్న కబురు బాగేపల్లిలో బస్సెక్కి చింతామణిలో దిగింది. మర్నాడే అక్కడి నుంచి మా చిన్నమ్మ వచ్చింది.

"బిడ్డ కోసరం గవర్నమెంటోళ్ళ కాళ్ళు పట్టుకోవాల్నా నాయనా? మా మనవడు లేడా?"

ఆ మనవడికి పదిహేడేళ్ళు. పీయూసీ తప్పి, బైకు కొనివ్వందే అన్నం ముట్టనని కూర్చున్నాడు. 1956 నాటి హిందూ దత్తత చట్టంలో, ఆచారం ఉంటే తప్ప 15 నిండినవాళ్ళు దత్తుకు పనికిరారని చెప్పి బయటపడ్డాననుకున్నాను. చిన్నమ్మ టీవీ చూస్తుందన్న సంగతి మరిచాను.

"2015లో మైసూరు రాణెమ్మ యదువీరుణ్ణి తీసుకున్నప్పుడు ఆ పిల్లోడికి ఇరవై రెండు కాదా?"

"వాళ్ళకు ఆచారం ఉంది చిన్నమ్మా."

"మనకేముంది?"

"కంతులుండాయి."

సర్కారు దారిలో కేంద్ర దత్తత సంస్థ 'కారా' వెబ్‌సైటులో పేరు ఎక్కించి, పసిబిడ్డ కోసం మూడేళ్ళు పైనే ఆగాలి. మైసూరు రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు 1865లో చామరాజేంద్రుణ్ణి దత్తు తీసుకుంటే ఇంగ్లీషువాళ్ళు సరేననేసరికి 1867 వచ్చింది. అంతటి రాజే ఆగాడు, నేనెంత!

ఇల్లు చూడడానికి దత్తు సంస్థ నుంచి ఒకమ్మ వచ్చింది. మేము తెలుగులో చెప్పాం, ఆమె కన్నడంలో రాసుకుంది, ఎవరికీ ఇబ్బంది కాలేదు. బిడ్డ ఎందుకు కావాలనడిగితే మాత్రం నోరు పెగల్లేదు. నలుగుర్ని కన్న మా పక్కింటాయన్ను ఈ మాట ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పైగా మేము మంచివాళ్ళమని తెలిసినవాళ్ళు ఇద్దరు ఉత్తరాలు రాసివ్వాలి. ఆ పక్కింటాయన్నే అడిగాను. "రాస్తాలే గానీ, ముందు మా గడ్డపార తెచ్చియ్యప్పా" అన్నాడు.

అసలు చిక్కు వయసు దగ్గరొచ్చింది. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే మొగుడూ పెళ్ళాల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90 దాకా చెల్లుతుంది. కాగితాల మీద నాకు 45, మా ఆవిడకు 41. కూడితే 86! నిజానికి 84 కావాలి. మా పల్లె బడిలో తలకాయలు తక్కువయ్యాయని మేష్ట్రు నాలుగేళ్ళవాణ్ణి పట్టి ఆరేళ్ళవాణ్ణి చేశాడు, జూన్ 1న పుట్టించాడు. నేనొక్కణ్ణే కాదు, ఆ తరగతిలో అందరం జూన్ 1నే పుట్టాం. నలభై ఏళ్ళ కిందట ఆయన గీసిన రెండు గీతలకు పసిబిడ్డ చెయ్యి జారిపోయింది.

ఇక రెండేళ్ళు దాటిన బిడ్డే అన్న మాట చిన్నమ్మకు నచ్చింది. "మాటలొచ్చిన బిడ్డే మేలు. నీ మాట వినకపోయినా జవాబన్నా చెప్తుంది."

బాలల న్యాయ చట్టానికి చేసిన 2021 సవరణ పుణ్యమా అని దత్తు ఉత్తరువు కోసం కోర్టుకెక్కే పని లేదు, జిల్లా మేజిస్ట్రేటు సంతకం చాలు. మాకైతే చిక్కబళ్ళాపురం డీసీ ఆఫీసు. వరుసలో ఉన్నాం. ఈలోగా, జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్చేవాళ్ళకు ఒక మనవి: పుట్టినరోజు దగ్గర ఉన్నదున్నట్టు రాయించండి.