ప్రింటు వైద్యం

ధర్మపురి అనగానే మనవాళ్లకు గోదావరి ఒడ్డు, లక్ష్మీనరసింహస్వామి గుర్తొస్తారు. నేను చెప్పేది హోసూరు, కృష్ణగిరి దాటాక సేలం దారిలో వచ్చే తమిళనాడు ధర్మపురి. పేరొకటే, ఊళ్లు రెండు. ఏ రాష్ట్రంలో బస్సెక్కామో తెలుసు కాబట్టి ఎవరూ దారి తప్పరు. మెమరీ చిరునామాలూ అంతే. రెండు ప్రోగ్రాములు ఒకే నంబరు వాడినా, ర్యామ్‌లో అవి చేరే చోటు వేరు. ఎవరిది ఎక్కడికో పేజీ టేబుల్ చెబుతుంది. ఇంత తెలిసిన ఇంజినీర్లే డ్రైవర్‌లోని పాయింటర్‌ను ఉన్నదున్నట్టు యూజర్ ప్రోగ్రాము చేతిలో పెట్టి, అది సెగ్‌ఫాల్ట్ అయి పడిపోతే "బోర్డు మంచిది కాదు" అంటారు.

వారాంతానికి బెంగళూరు నుంచి ఈ ధర్మపురి వైపు వచ్చే బస్సుల్లో ఈ శాస్త్రం ధారాళంగా వినబడుతుంది.

"అన్నా, కెమెరాలో పాత ఫ్రేమే మళ్లీ మళ్లీ వస్తోంది."

"ప్రింట్ పెట్టి చూశావా?"

"పెట్టాను. పోయింది."

"ఇంకేం మరి, టికెట్ క్లోజ్ చెయ్యి."

రోగం పోలేదు, దాక్కుంది. కెమెరా డీఎంఏ ద్వారా కొత్త ఫ్రేమును నేరుగా ర్యామ్‌లో రాసింది. ప్రోగ్రాము చదివింది మాత్రం ప్రాసెసర్ క్యాష్‌లో మిగిలిన పాతదాన్ని. ప్రింటు కాస్త సమయం తింటుంది, ఆ సందడిలో క్యాష్‌లోని పాత సరుకు బయటికి పోవచ్చు, అప్పుడు కొత్త ఫ్రేము కనబడుతుంది. మరి కస్టమర్‌కు పంపే బిల్డ్‌లో ప్రింట్లు తీసేస్తారు కదా! మందు మానేయగానే రోగి సంగతేమిటో అడిగితే "మా దగ్గర రీప్రొడ్యూస్ కావడం లేదు" అని జవాబు.

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది" అనేది ఇంకో ఘనకార్యం. వస్తుంది నాయనా, ఎందుకు రాదు? ఎక్స్86 యంత్రాల్లో డీఎంఏకీ క్యాష్‌కీ పొత్తు కుదర్చడం హార్డ్‌వేరే చూసుకుంటుంది. చాలా ఆర్మ్ బోర్డుల్లో ఆ చాకిరీ డ్రైవర్ రాసినవాడిది. బఫర్‌ను డీఎంఏ అలాక్ కోహెరెంట్‌తో తీసుకుని, డీఎంఏ ఎంమ్యాప్ కోహెరెంట్‌తో యూజర్‌కు మ్యాప్ చేస్తే గొడవే లేదు. దానికి డాక్యుమెంటేషన్ చదవాలి. వోలటైల్ అని ఒక్క మాట తగిలించడం సులువు. అది చెప్పేది కంపైలర్‌కు, "ఈ చదవడాన్ని ఎగ్గొట్టకు" అని. క్యాష్‌కు ఆ మాట వినబడదు.

ఆ మ్యాపింగ్ కోసం యూజర్ ప్రోగ్రాము పిలిచే ఎంమ్యాప్ విఫలమైతే మ్యాప్ ఫెయిల్డ్ ఇస్తుంది, అంటే మైనస్ ఒకటి. మనవాళ్లు శ్రద్ధగా నల్‌తో పోల్చి చూస్తారు. నల్ ఎప్పుడూ రాదు, కనుక అంతా సవ్యంగా ఉన్నట్టే! మైనస్ ఒకటో చిరునామాలో రాయబోయి ప్రోగ్రాము కుప్పకూలితే తప్పు మళ్లీ డ్రైవర్ టీముదే. డ్రైవర్ టీము ఆప్ టీమును చూపిస్తుంది. డీమెసేజ్‌లో ఏముందో, ప్రాక్‌లో ఆ ప్రాసెస్ మ్యాప్స్ ఏం చెబుతున్నాయో చూద్దామని ఇద్దరిలో ఒక్కరికీ తోచదు.

అన్నిటికంటే పెద్ద మందు ఇంకోటుంది. ఓపెన్ చేస్తే పర్మిషన్ డినైడ్ వచ్చిందా? డివైస్ ఫైలుకు 666 ఇచ్చెయ్. ఊరందరికీ తాళం చెవి. ఈ ఔదార్యం ఎక్కడికి పోతుందో 2012 డిసెంబరులో లోకమంతా చూసింది. సామ్‌సంగ్ ఎక్సినోస్ చిప్పున్న గెలాక్సీ ఎస్2, ఎస్3, నోట్2 ఫోన్లలో ఎక్సినోస్-మెమ్ అనే డివైస్ ఫైలు అందరికీ బార్లా తెరిచి ఉంది. దాన్ని ఎంమ్యాప్ చేస్తే ఏ ఆప్ అయినా ఫోను ఫిజికల్ మెమరీ మొత్తం చదవొచ్చు, మార్చొచ్చు, కెర్నెల్‌తో సహా. రూట్ అధికారం తేరగా చేతికొచ్చినట్టే. ఫిజికల్ మెమరీకి తలుపైన దేవ్‌మెమ్ ఫైలు ద్వారా ర్యామ్ ముట్టుకోకుండా లినక్స్‌లో అడ్డు పెట్టుకునే ఏర్పాటుంది. దాన్ని తప్పించుకునే దొడ్డిదారిని చిప్పుతో పాటు వచ్చిన డ్రైవరే వేసిపెట్టింది.

సామ్‌సంగ్ తర్వాత ప్యాచ్ ఇచ్చింది. మనవాడి బోర్డుకు ఎవరిస్తారు? టికెట్ ఎప్పుడో క్లోజయింది, ప్రమోషన్ కూడా వచ్చింది.