రెండు పాళ్ళ ప్రేమ

మా మెట్ట ప్రాంతంలో ఎలుకకు నిన్నమొన్నటిదాకా ఒకటే వంటకం. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు పొడి. బాగా కలిపి, పదేసి గ్రాముల పొట్లాలు కట్టి, కన్నానికి ఒకటి చొప్పున వేస్తారు. ఊరంతా ఒకేసారి వేయాలి. లేకపోతే ఇవాళ మీ చేలోంచి పారిపోయిన ఎలుక ఎల్లుండికి బలగంతో తిరిగొస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే జగ్గయ్యపేట రైతుకూ, నందిగామ రైతుకూ ఈ పాళ్ళు కంఠతా వచ్చు.

ఇప్పుడు అదే రైతు మనవడి గదిలో ఒక తెల్లెలుక పంజరంలో కాపురం పెట్టింది. విజయవాడ నుంచి డబ్బిచ్చి మరీ తెచ్చారు. దానికి పేరుంది, పరుపుంది, ఉయ్యాల ఉంది, పుట్టినరోజుకు కేకు కూడా ఉంది. దాని వంటకం వేరు: 96 పాళ్ళు అన్నం, 2 పాళ్ళు నెయ్యి, 2 పాళ్ళు ప్రేమ. తాతగారి పొట్లం వారం రోజుల్లో పని ముగిస్తుంది, మనవడిది ఏడాదో ఏడాదిన్నరో తీసుకుంటుంది. ఇంతకుమించి తేడా నాకైతే కనబడలేదు.

కాస్త తగ్గించి పెట్టండమ్మా అంటే ఇంటావిడ నొచ్చుకుంటుంది. "తిననివ్వండి పాపం, నోరులేని జీవి!" నోరులేని జీవా? దానికున్నదల్లా నోరే కదా! రోజుకు 15 నుంచి 20 గ్రాముల పొడి మేత చాలు దానికి. అందులో ధాన్యమూ, పప్పూ, ఉప్పూ అన్నీ కలిసే ఉంటాయి. ఆ పైన పెట్టేదంతా మన ముచ్చటే. జీడిపప్పులో దాదాపు సగం కొవ్వు. 300 గ్రాముల ఎలుకకు ఒక జీడిపప్పు పెట్టడమంటే, బరువు లెక్కన చూస్తే, 60 కిలోల మనిషికి 200 జీడిపప్పులు పెట్టడం. కొత్తగా వచ్చిన వియ్యంకుడికి కూడా ఎవరూ ఒక పూటలో అన్ని పెట్టరు.

దీనికి మొదటి సమాధానం సిద్ధంగానే ఉంటుంది. "మావాడిది ఒంటి తత్వం అండీ. గాలి పీల్చినా లావెక్కుతాడు." తత్వం వల్ల లావెక్కే ఎలుకలు లేకపోలేదు. వాటిని చూడాలంటే మాత్రం హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు వెళ్ళాలి. అక్కడ తరతరాలుగా పెంచుతున్న విస్టార్ రకం ఎలుకల మందలో, 1990లలో, దానంతటదే వచ్చిన ఒక జన్యుమార్పు వల్ల కొన్ని పిల్లలు విపరీతంగా ఊరిపోయాయి. శాస్త్రవేత్తలు వాటిని వేరుచేసి, ఆ సంతతిని నిలబెట్టి, ఊబకాయం మీద పరిశోధనకు వాడుతున్నారు. కిలో దాటి తూగే ఎలుకలవి. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోను ఒంట్లో పొంగిపొర్లుతున్నా మెదడు వినిపించుకోదు. వాటికి పిల్లలు పుట్టవు, మామూలు ఎలుకలంత కాలం బతకవు. అవి లావెక్కితే తప్పు ఎవరిదీ కాదు. ప్రయోగశాల ధ్రువీకరించిన సాకు వాటి దగ్గరుంది. మీ ఎలుక దగ్గరున్నది జీడిపప్పు డబ్బా.

రెండో సమాధానం ఇంకా బలమైనది. "మేం తినేదే పెడుతున్నాం కదండీ!" అసలు గొడవ అక్కడే. ఆ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి కొండల మీద, కూనూరులో, మెకారిసన్ అనే దొర మొదలుపెట్టిన చిన్న బెరిబెరి పరిశోధన విభాగం. 1958లో హైదరాబాదుకు మారింది. ఆ దొర 1920లలో దేశంలోని ఒక్కో ప్రాంతం వాళ్ళ భోజనాన్ని ఒక్కో ఎలుకల గుంపుకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలతో సిక్కుల భోజనం తిన్న ఎలుకలు అన్నిటికన్నా ముందు నిలిచాయి. మరపట్టి, కడిగి కడిగి తెల్లగా చేసిన అన్నంతో మద్రాసు భోజనం తిన్నవి ఆఖరున మిగిలాయి. అప్పట్లో మనమూ మద్రాసు రాజధానిలో వాళ్ళమే, తప్పించుకునే దారి లేదు. ఆనాడు మన అన్నం తిన్న ఎలుక చిక్కిపోయింది. ఈనాడు అదే అన్నానికి నెయ్యీ, మిక్స్చరూ, మైసూరుపాకూ తోడైతే ఉబ్బిపోతోంది. మనం తినేది ఎలుకకు పెట్టేముందు, అది మనకైనా మంచిదేనా అని ఒకసారి అనుకుంటే ఇంటిల్లిపాదికీ లాభం.

మూడో సమాధానం వినాయకుడి వాహనం అన్నది. స్వామివారే బొజ్జతో ఉంటే వాహనం సన్నగా ఉంటుందా అని అడుగుతారు. ఆ బొజ్జను మోయాల్సింది ఎలుకేనన్న సంగతి అడిగేవాళ్ళకు తోచదు.

ఇక పశ్చాత్తాపం మొదలైతే అంతకన్నా ప్రమాదం. ఆరునెలలు మేపినవాళ్ళే ఒక శుభోదయాన ఎలుక చేత ఉపవాసం పట్టిస్తారు. శనివారం మేత బంద్. నీళ్ళ సీసాలో జీలకర్ర నీళ్ళు. ఎవరో చెప్పారని తేనె, నిమ్మరసం. కొంచెం చదువుకున్నవాళ్ళు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం దాకా వెళతారు. 1935లో మెకే అనే ఆయన మేత తగ్గించిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని తేల్చాడుగా అంటారు. నిజమే, తేల్చాడు. ఆయన తగ్గించింది కేలరీలను. విటమిన్లు, ఖనిజాలు, మాంసకృత్తులు లోటు లేకుండా చూసుకున్నాడు. పంజరం తలుపు మూసి పడుకోలేదు.

ఎలుక రాత్రంతా కొంచెం కొంచెంగా, పదేపదే తినే జీవి. చిన్న ఒళ్ళు, వేగంగా కొట్టుకునే గుండె. దాన్ని రోజుల తరబడి పస్తు పెడితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అది వాంతి కూడా చేసుకోలేదు. లోపలికి పోయింది లోపలే ఉండాలి. తాతగారి పొట్లం కూడా ఒకసారి మింగితే బయటికి రాదు. కాబట్టి మీ చిట్కా వైద్యాలు దాని మీద ప్రయోగించకండి.

చేయాల్సింది చప్పగా ఉంటుంది, అందుకే ఎవరికీ నచ్చదు. వారానికోసారి వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, కాగితం మీద రాసుకోవాలి. (సిమెంటు లారీలను తూచే వేబ్రిడ్జీలు హైవే పొడుగునా ఉన్నాయి గాని, మీ ఎలుక ఇంకా ఆ స్థాయికి రాలేదు.) పెద్ద మగ ఎలుక అరకిలోకు అటూఇటూ, ఆడది పావుకిలో నుంచి 350 గ్రాముల దాకా ఉండటం మామూలు. అంకె ఒక్కటే చాలదు. వేళ్ళతో మెల్లగా తడిమితే పక్కటెముకలు తగలాలి. తగలకపోతే ముందు నెయ్యి, జీడిపప్పు, వేరుశెనగ, పొద్దుతిరుగుడు గింజలు, స్వీట్లు ఆపాలి. మేత ఒక్కసారిగా కోయకుండా కొన్ని వారాల మీద కొలతకు తేవాలి. చిరుతిండి పెట్టి తీరాలనిపిస్తే దోసకాయ ముక్కో, బీరకాయ ముక్కో పెట్టండి. గిన్నెలో కుప్ప పోయకుండా పంజరమంతా చల్లితే, కాగితం ఉండల్లో దాస్తే, పై అంతస్తులో పెడితే, తిండి కోసం ఎక్కుతుంది, దిగుతుంది, వెతుకుతుంది. అదే దాని వాకింగ్. చక్రం కొంటే తీగల చక్రం వద్దు, గట్టి పళ్ళెంలా ఉన్నది, నడుము వంగనంత పెద్దది కొనండి. లావెక్కిన ఎలుకకు పాదాల కింద పుండ్లు పడతాయి, తీగల మీద నడిస్తే అవి మానవు. జోడీని విడదీసి ఒంటరిగా ఉంచడం కూడా చికిత్స కాదు, శిక్ష.

మే నెల సంగతి వేరే చెప్పాలి. మా వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు అందరికీ గుర్తే. ఎలుకకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని కొంతవరకు తోక ద్వారా వదులుకుంటుంది. కొవ్వు దుప్పటి కప్పుకున్న ఎలుక రేకుల గదిలో మధ్యాహ్నం గడపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ రోజుల్లో వ్యాయామం పేరుతో ఎండపూట ఆడించకండి, చల్లబడ్డాక చీకట్లో దానంతటదే ఆడుకుంటుంది.

ఇంకొక మాట. లావంతా కొవ్వు కాదు. ఆడ ఎలుకల్లో రొమ్ము గడ్డలు సర్వసాధారణం. ఒకవైపే ఉబ్బినా, ఊపిరి గురగురమన్నా, తిండి మానినా, మేత తగ్గించి కూర్చోకుండా డాక్టరుకు చూపించాలి. మన ఊళ్ళలో పశువైద్యుల చేతులు గేదెలకూ గొర్రెలకూ అలవాటు పడినవి. ఎలుకను చూసే అలవాటున్నవాళ్ళు దగ్గర్లో దొరక్కపోతే విజయవాడలో వాకబు చేయండి, అదీ కాకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. డాక్టరు మొట్టమొదట అడిగేది ఏం పెడుతున్నారనే. జీడిపప్పు సంగతి దాచకుండా చెప్పండి.