సెన్సారు పెద్దలకు మంత్రాలయం నుంచి ఒక మనవి

హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయంలో కూర్చుని సినిమాలకు వయసు నిర్ణయించే సెన్సార్ బోర్డు పెద్దలకు, తుంగభద్ర ఒడ్డు నుంచి నమస్కారాలు.

రాయరి, అదే రాఘవేంద్రస్వామి, సన్నిధి నుంచి ఉత్తరం వచ్చింది కదా, బూతు సినిమాలు ఆపేయమంటాడేమోనని కంగారు పడకండి. బూతు మాకేం కొత్త కాదు. మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి ఊళ్లోకి వచ్చేలోపు ఆటోలో వినపడే మాటలన్నిటికీ మీరు బీప్ వేస్తే, హారన్ కూడా వినపడదు. నా పేచీ బూతుతో కాదు, దాని తర్వాత వచ్చే పాటతో.

ఏ పాటంటారా? ముప్పై ఏళ్లొచ్చినా తల్లి చేత్తో అన్నం, తండ్రి జేబులో డబ్బు, స్నేహితుడి గదిలో మందు తప్ప ఇంకోటి ఎరగని హీరో, రెండు గంటలు రెండర్థాల మాటలు మాట్లాడి, చివరికి పెళ్లికో పిల్లకో దొరికిపోతాడు. అప్పుడొస్తుంది ఆ పాట. మొదటి చరణంలో గడ్డం తీస్తాడు, రెండో చరణంలో ఉద్యోగం, చరణం చివర ఉయ్యాల. నాలుగు నిమిషాల్లో మగాడైపోతాడు. మనవాళ్లే కాదు, 2007లో అమెరికాలో వచ్చిన ‘నాక్డ్ అప్’దీ ఇదే దారి. ఒక్క రాత్రి పరిచయం, అమ్మాయికి కడుపు, పనీపాటా లేని కుర్రాడు హడావుడిగా తండ్రి కావడం. అక్కడ దానికి ‘ఆర్’ ఇచ్చారు. అంటే పదిహేడు నిండని పిల్లలు కూడా అమ్మానాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు. మన ‘ఎ’కి ఆ వెసులుబాటు లేదు. మంచిదే లెండి, ఆ జోకులు నాయన పక్కన కూర్చుని వినే ధైర్యం మా ఊళ్లో ఎవరికుంది!

మనకూ ఉన్నాయి. 2017లో అవసరాల శ్రీనివాస్ ‘బాబు బాగా బిజీ’ చేశాడు, హిందీ ‘హంటర్’కి రీమేక్. ఆడవాళ్ల వెంట తిరగడమే పనిగా పెట్టుకున్నవాడు పెళ్లి చేసుకుని కుదురుకోవాలనుకుంటాడు. 2021 మే నెలలో ‘ఏక్ మినీ కథ’ థియేటరు ముఖం చూడకుండా ఓటీటీలోకి వచ్చేసింది. అక్కడ మీ సర్టిఫికెట్టుతో పనే లేదు. ఇక్కడి లాడ్జీల్లో గదులూడ్చే పిల్లోడు రాత్రి మెట్ల కింద కూర్చుని, ఫోను వెలుతురు బయటికి రాకుండా దుప్పటి కప్పుకుని చూస్తాడు. గురువారం రద్దీకి పక్కలు మార్చి మార్చి వేళ్లకు సబ్బు వాసన పోదు. నవ్వు వచ్చినప్పుడల్లా దుప్పటి కదులుతుంది.

వాడికి మీరు ఏ కేటగిరీ ఇస్తారు? 2023లో చట్టం సవరించి యూఏ 7, 13, 16 అని మెట్లు కట్టారు, బాగుంది. ఆ పిల్లోడి వయసుకు పదమూడో పదహారో సరిపోతుంది. కానీ వాడి సంపాదనలోంచే చెల్లెలి చదువుకు పోతుంది. వాడొక్కడే కాదు. వానలు మోసం చేసిన ఏడాది కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల నుంచి జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి ఇంటికి తాళం వేసి బండెక్కుతారు. పెద్ద పిల్లోడు ఇంటి దగ్గరుంటే ముసలవ్వకు వాడే దిక్కు, వెంట పోతే వాడూ ఓ కూలీ. కాయ కోసిన చేతులకు కొబ్బరినూనె రాసినా రాత్రంతా మంటే. మీ లెక్కలో అలాంటివాడు ‘పెద్దల’ సినిమా చూడకూడని పసివాడు.

గుంటూరంటే గుర్తొచ్చింది. 2016 నాటి ‘గుంటూర్ టాకీస్’లో బూతుకు కొదవ లేదు గానీ, నరేష్ వేసిన పాత్ర మీద నాకు గౌరవం. మెడికల్ షాపు జీతం, ఇంట్లో ఇద్దరు పిల్లలు, చాలక చిల్లర దొంగతనాలు. దొంగే కానీ ఇంటి ఖర్చు తెలిసిన దొంగ. ఆ ఒక్క పాత్ర కోసం మిగతా సినిమాను క్షమించేశాను.

ఇంకో తమాషా చూడండి. మగపిల్లోడికి ‘ఎ’ సినిమా పద్దెనిమిదికి, పెళ్లి ఇరవై ఒకటికి. రెండర్థాల మాట అర్థం కావడానికీ, సంసారం అర్థం కావడానికీ మధ్య మూడేళ్లు పడుతుందని చట్టమే ఒప్పుకుంది. మన హీరోలకు మాత్రం ఇంకో పదేళ్లు అదనం.

ఇక్కడ మఠం ముందు నిలబడితే ఆ పాటలో దాటేసిందంతా నిదానంగా నడుస్తుంటుంది. పెళ్లి కుదరాలని, కడుపు పండాలని, కొడుకు తాగుడు మానాలని తడిబట్టలతో ప్రదక్షిణలు చేసేవాళ్లు. వాళ్లకు చరణాలు మారవు. రాయరు సైతం 1621లో సన్యాసం తీసుకోకముందు భార్యాబిడ్డలతో, పేదరికంతో సంసారం ఈదినవారే.

కాబట్టి నా మనవి ఇదీ. బూతు మాటలను వదిలేయండి, అవి ఎలాగూ ఆటోలో దొరుకుతాయి. ఈసారి ఇలాంటి సినిమా మీ ముందుకొస్తే ఆ నాలుగు నిమిషాల పాటకు కత్తెర వేయండి. దాని బదులు హీరో ఒక నెల ఇంటి అద్దె కట్టడం, అర్ధరాత్రి జ్వరమొచ్చిన బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి వరండాలో తిరగడం చూపించమనండి. అవి ఉంటేనే ‘పెద్దలకు మాత్రమే’ అని ముద్ర వేయండి, లేకుంటే పిల్లల సినిమా అని రాసి పంపండి.

ఇట్లు,
మంత్రాలయం నుంచి ఒక ప్రేక్షకుడు